షార్ట్‌కట్ నొక్కితే పలకడం లేదా? అది ఎక్కడ ఆగిపోయిందో ముందు కనిపెట్టండి

"సాఫ్ట్‌వేర్" అన్న మాట సరిగ్గా పడాలంటే ట-పొల్లుకూ ఆ తరువాతి వకారానికీ నడుమ కంటికి కనబడని అక్షరం ఒకటి ఉండాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే వకారం వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. తెలుగు ప్రూఫులు దిద్దేవారికి ఈ అక్షరంతో రోజూ పని పడుతుంది. అందుకే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కంట్రోల్+ఆల్ట్+జె నొక్కితే అది పడేలా నేనొక షార్ట్‌కట్ పెట్టుకున్నాను. నెలల తరబడి చక్కగా పనిచేసిన ఆ షార్ట్‌కట్ ఒక ఉదయం ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంది.

అలాంటప్పుడు చాలామంది ఆ షార్ట్‌కట్‌ను తీసేసి వేరే కీలకు మారుస్తారు. అదీ పనిచేయకపోతే ఇంకో జత వెతుకుతారు. దయచేసి అలా చేయకండి. కారణం తెలియకుండా మారిస్తే తప్పు అక్కడే ఉంటుంది, వేళ్లకు మాత్రం కొత్త అలవాటు నేర్పాల్సి వస్తుంది. మీరు నొక్కిన కీ పనిగా మారేలోపు ఐదు చేతులు మారుతుంది: కీబోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్, తెలుగు టైపు చేయించే ఇన్‌పుట్ పద్ధతి, ఎడిటర్‌లోని షార్ట్‌కట్ల జాబితా, చివరగా కమాండ్. ఏ చేతిలో ఆగిందో తెలిస్తే మరమ్మతు చాలావరకు రెండు నిమిషాల పనే.

## అన్నిటికన్నా ముందు: లాగ్ తెరవండి

వీఎస్ కోడ్‌లో కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి కమాండ్ ప్యాలెట్ తెరవండి. ఆ షార్ట్‌కట్టే పనిచేయకపోతే వ్యూ మెనూలో కమాండ్ ప్యాలెట్ ఉంటుంది. అందులో డెవలపర్ వరుసలో ఉన్న "టాగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్" ఎంచుకోండి. కింద అవుట్‌పుట్ ప్యానెల్ తెరుచుకుని, మీరు నొక్కే ప్రతి కీకీ ఒక వరుస రాస్తుంది. ఇప్పుడు ఫైలులో కర్సర్ పెట్టి, మొరాయిస్తున్న షార్ట్‌కట్‌ను ఒక్కసారి నొక్కి, ఆ వరుసలు చదవండి.

కంట్రోల్, ఆల్ట్ నొక్కినట్టు మాత్రమే ఉండి మీ అక్షరం ఊసే లేకపోతే, ఆ కీ ఎడిటర్ దాకా రానే లేదు. వచ్చిందిగాని "నో కీబైండింగ్ ఎంట్రీస్" అని ఉంటే, ఆ కీల కలయికకు జాబితాలో ఏ నియమమూ లేదన్నమాట. నియమాలు ఉన్నాయిగాని "వెన్" షరతు (షార్ట్‌కట్ ఎప్పుడు పనిచేయాలో చెప్పేది) ఏదీ సరిపోలేదని రాస్తే లోపం షరతులో ఉంది. "మ్యాచ్డ్" అని రాసి ఒక కమాండ్ పేరు చూపిస్తే, అది మీదో కాదో చూడండి. మీది కాకపోతే వేరేది మీ కీలను ఆక్రమించింది. మీదే అయితే షార్ట్‌కట్‌లో తప్పు లేదు, కమాండ్‌ను అనుమానించాలి. ఆ వరుస చివర, ఆ నియమం ఎడిటర్‌తో పాటు వచ్చిందా, ఏదైనా ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు అదనంగా చేర్చుకునే ప్రోగ్రామ్) తెచ్చిందా, మీరు రాసుకున్నదా అన్నది కూడా ఉంటుంది. పని అయ్యాక అదే కమాండ్‌ను మళ్లీ నడిపి లాగ్ ఆపేయండి.

వేరే ఎడిటర్ వాడేవారికీ ఇలాంటి దారి ఉంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో సెట్టింగ్స్ మెనూలోని షార్ట్‌కట్ మ్యాపర్ తెరిస్తే, ఒకే కీలకు రెండు పనులు తగిలించి ఉంటే ఆ గొడవను కింది పెట్టెలో చెబుతుంది. ఈమ్యాక్స్‌లో కంట్రోల్+హెచ్ నొక్కి, వదిలి, కె నొక్కి, ఆపైన మీ షార్ట్‌కట్ నొక్కితే అది ఏ కమాండ్‌కు కట్టి ఉందో చూపిస్తుంది. సబ్‌లైమ్ టెక్స్ట్ కన్సోల్‌లో కమాండ్ల లాగ్‌ను ఆన్ చేసుకోవచ్చు. ఇక్కడినుంచి నేను చెప్పేది ఎక్కువగా వీఎస్ కోడ్ గురించే అయినా, కారణాలు అన్నిటికీ ఇంచుమించు ఒకటే.

## లక్షణం: షార్ట్‌కట్ నొక్కాక ఇంగ్లీషు పోయి తెలుగు పడుతోంది

తెలుగు టైపు చేసే విండోస్ వాడకందారులు అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. ఫైలును చక్కదిద్దడానికి షిఫ్ట్+ఆల్ట్+ఎఫ్ నొక్కుతారు, వరుసను కిందికి నకలు తీయడానికి షిఫ్ట్+ఆల్ట్+డౌన్ బాణం నొక్కుతారు. ఒకోసారి పని జరగదు. పైగా తరువాత టైపు చేసే ఇంగ్లీషు అంతా తెలుగు అక్షరాలుగా పడుతుంది.

కారణం ఎడిటర్‌లో లేదు. విండోస్‌లో రెండు భాషలు పెట్టుకున్నప్పుడు, ఎడమ ఆల్ట్+షిఫ్ట్ భాష మార్చే మీటగా ఉంటుంది. మూడో కీ సరిగ్గా తగలకపోయినా, మధ్యలో మనసు మార్చుకుని వేళ్లు తీసేసినా, విండోస్‌కు అందింది ఆల్ట్+షిఫ్ట్ ఒక్కటే. అది భాష మార్చేస్తుంది. మీరు మళ్లీ నొక్కేసరికి తెలుగు లేఅవుట్‌లో ఉంటారు.

మందు: విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కు వెళ్లండి. "ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్" లింకు నొక్కితే పాతకాలపు చిన్న కిటికీ తెరుచుకుంటుంది. భాషల మధ్య మారే వరుసను ఎంచుకుని, చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి, రెండు వైపులా "నాట్ అసైన్డ్" పెట్టండి. లేఅవుట్లు మార్చే కంట్రోల్+షిఫ్ట్‌ను కూడా అక్కడే తీసేయవచ్చు. భాష మార్చుకోవడానికి విండోస్ కీ+స్పేస్ ఎలాగూ ఉంటుంది, దానితో ఏ ఎడిటర్‌కూ పేచీ రాదు. అదే పేజీలో ప్రతి అప్లికేషన్ కిటికీకీ వేరే ఇన్‌పుట్ పద్ధతి వాడుకునే ఎంపిక ఉంది. దాన్ని కూడా ఆన్ చేసుకోండి. బ్రౌజర్‌లో తెలుగు, ఎడిటర్‌లో ఇంగ్లీషు ఎక్కడివి అక్కడే నిలుస్తాయి. ఈ ఒక్క మార్పు నాకు రోజుకు ఎన్నో విసుగులను తప్పించింది.

## లక్షణం: లాగ్‌లో మీ కీ జాడే లేదు

అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌గానీ వెనకాల నడిచే మరో ప్రోగ్రామ్‌గానీ దాన్ని ముందే అందుకుంది.

ఉబుంటులో కంట్రోల్+చుక్క నొక్కితే క్విక్ ఫిక్స్ అనే సవరణల జాబితా రావాల్సింది పోయి, కర్సర్ దగ్గర కింద గీత ఉన్న ఇంగ్లీషు "ఇ" అక్షరం ప్రత్యక్షమైతే, అది ఐబస్ (లినక్స్‌లో భాషల టైపింగ్‌ను నడిపే ప్రోగ్రామ్) ఎమోజీ మీట. టెర్మినల్‌లో ఐబస్ సెటప్ కమాండ్ నడిపి, ఎమోజీ ట్యాబులో ఉన్న ఆ షార్ట్‌కట్‌ను తొలగించండి. ఐబస్ తెలుగు టైపింగ్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. కంట్రోల్+షిఫ్ట్+యు కూడా ఇలాంటిదే, యూనికోడ్ సంఖ్యతో అక్షరం వేయడానికి ఐబస్ దాన్ని తన దగ్గర పెట్టుకుంటుంది.

మ్యాక్‌లో కంట్రోల్+స్పేస్ ఇన్‌పుట్ సోర్స్ మార్చే మీట, ఎడిటర్‌లో అదే సూచనలు పిలిచే మీట. తెలుగు కీబోర్డు చేర్చిన రోజునుంచే సూచనలు రావడం మానేశాయని ఎవరైనా అంటే కారణం ఇదే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర టిక్కు తీసేయండి, లేదా వేరే కీలు ఇవ్వండి.

ల్యాప్‌టాప్‌లో ఎఫ్2, ఎఫ్12 వంటివి పనిచేయకుండా వెలుతురో శబ్దమో మారితే ఎఫ్ఎన్ కీని కలిపి నొక్కి చూడండి. చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్+ఎస్కేప్ ఆ అమరికను తిప్పేస్తుంది.

ఇవేవీ కాకపోతే స్క్రీన్‌షాట్ తీసేవి, మీటింగులు నడిపేవి, గ్రాఫిక్స్ డ్రైవర్‌తో వచ్చేవి ఒక్కొక్కటే మూసేసి లాగ్ చూస్తూ ఉండండి. ఎడిటర్‌ను బ్రౌజర్‌లో వాడుతుంటే కంట్రోల్+డబ్ల్యూ, కంట్రోల్+టి, కంట్రోల్+ఎన్ బ్రౌజర్ సొత్తు. వాటితో పోరాడవద్దు, ఇన్‌స్టాల్ చేసిన ఎడిటర్ వాడండి.

## లక్షణం: ఇంగ్లీషులో పనిచేస్తుంది, తెలుగులో ఉన్నప్పుడు పనిచేయదు

భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో కె కీ మీద క, హెచ్ మీద ప, డి మీద పొల్లు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల షార్ట్‌కట్లు సాధారణంగా ఈ మార్పును తట్టుకుంటాయి. చిక్కు విరామ చిహ్నాలతోనే. ఇన్‌స్క్రిప్ట్‌లో స్లాష్ ఉండాల్సిన చోట య ఉంటుంది, సెమీకోలన్ చోట చ, చదరపు బ్రాకెట్ చోట డ. ఎడిటర్ కీ ఉన్న స్థానాన్ని కాకుండా ఆ కీ పుట్టించే అక్షరాన్ని చూస్తే, మీరు నొక్కింది కంట్రోల్+స్లాష్ కాదు, కంట్రోల్+య. అలాంటి షార్ట్‌కట్ జాబితాలో ఎక్కడుంటుంది?

వీఎస్ కోడ్‌లో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. షార్ట్‌కట్‌లో కీ పేరును చదరపు బ్రాకెట్లలో, అంటే "కంట్రోల్, ప్లస్, బ్రాకెట్‌లో స్లాష్" అని రాస్తే, ఎడిటర్ అక్షరాన్ని వదిలేసి కీబోర్డు మీద ఆ కీ ఉన్న స్థానాన్ని చూస్తుంది. తెలుగులో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా అదే పని జరుగుతుంది. రెండు భాషల్లో రాసేవారు తమ సొంత షార్ట్‌కట్లను ఇలాగే రాసుకోవాలని నా సలహా. ఏ కీకి ఏ పేరో తెలియకపోతే డెవలపర్ వరుసలోని "ఇన్‌స్పెక్ట్ కీ మ్యాపింగ్స్" చూపిస్తుంది.

లినక్స్ వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వీఎస్ కోడ్ అక్కడ తాను తెరుచుకునేటప్పుడే కీబోర్డు లేఅవుట్‌ను గుర్తించి దాచుకుంటుంది. తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉండగా ఎడిటర్ తెరిచి, తరువాత ఇంగ్లీషుకు మారితే షార్ట్‌కట్లు చిత్రంగా ప్రవర్తించవచ్చు. ఇంగ్లీషులో ఉండి ఎడిటర్‌ను మూసి మళ్లీ తెరవండి. క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకున్నవారికి ఆ మార్పు ఎడిటర్‌లో అందకపోతే, సెట్టింగ్స్‌లో "కీబోర్డ్ డాట్ డిస్పాచ్" విలువను "కీకోడ్" చేసి ఎడిటర్‌ను మళ్లీ ప్రారంభించాలి.

విండోస్‌లోని తెలుగు ఫొనెటిక్ కీబోర్డుతో సమస్య వేరు. "అమ్మ" అని టైపు చేస్తూ, ఎంపికల పట్టీ ఇంకా తెరిచే ఉండగా షార్ట్‌కట్ నొక్కితే, ఆ కీ పదాన్ని కూరుస్తున్న ఇన్‌పుట్ పద్ధతికే పోతుంది. ముందు స్పేస్ నొక్కి పదం ముగించి, ఆ తరువాత షార్ట్‌కట్ నొక్కండి.

ఇక రూపాయి గుర్తు. ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో కుడి ఆల్ట్+4 నొక్కితే ₹ పడుతుంది. విండోస్ ఆ కుడి ఆల్ట్‌ను కంట్రోల్+ఆల్ట్ కలిసినట్టే లెక్కిస్తుంది. కాబట్టి కంట్రోల్+ఆల్ట్+4కు మీరేదైనా పని కట్టితే ఆ రెండూ పోటీ పడతాయి, ఎడిటర్‌ను బట్టి ఒకటే గెలుస్తుంది. ₹ అవసరం ఉన్నవారు ఆ జత జోలికి పోకపోవడమే మంచిది.

## లక్షణం: నేను అడిగినది కాకుండా వేరేది జరుగుతోంది

కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ వరుసగా నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక వస్తుంది. మీ వరుస మీద కుడి క్లిక్ చేసి "షో సేమ్ కీబైండింగ్స్" ఎంచుకోండి. ఒకే కీల మీద ఎందరు కూర్చున్నారో కనబడుతుంది.

వీరిలో ఎవరు గెలుస్తారన్నదానికి ఒక క్రమం ఉంది. ఎడిటర్ నియమాల జాబితాను కింది నుంచి పైకి చదువుతుంది. కీ, షరతు రెండూ కుదిరిన మొదటి నియమం దగ్గరే ఆగిపోతుంది. మీ సొంత నియమాలు అన్నిటికన్నా కింద చేరతాయి కాబట్టి మీ మాటే నెగ్గాలి. నెగ్గడం లేదంటే చూడాల్సినవి రెండు: మీ ఫైలులోనే, మీ నియమానికి దిగువన, అదే కీతో ఇంకో నియమం ఉందా, మీ నియమానికి పెట్టిన షరతు కుదరక ఎడిటర్ పైకి వెళ్లిపోతోందా. మొదటిది నకలు తీసి అతికించే అలవాటు వల్ల తరచుగా జరుగుతుంది.

ఎడిటర్‌తో వచ్చిన షార్ట్‌కట్‌ను పూర్తిగా తీసేయాలంటే, అదే కీతో ఒక నియమం రాసి కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తు పెట్టాలి. పట్టికలో "రిమూవ్ కీబైండింగ్" నొక్కినా ఎడిటర్ రాసేది ఇదే.

మీరు కంట్రోల్+కెను ఒంటరిగా దేనికైనా కట్టితే మాత్రం నష్టం పెద్దది. కంట్రోల్+కెతో మొదలయ్యే రెండు అంచెల షార్ట్‌కట్లు డజన్ల కొద్దీ ఉన్నాయి, అవన్నీ ఒక్క దెబ్బతో మూగబోతాయి. దీనికి తిరగవేసిన లక్షణం కూడా ఉంది: మీ కీ నొక్కగానే ఏమీ జరగక, కింది పట్టీలో రెండో కీ కోసం ఎదురుచూస్తున్నట్టు సందేశం వస్తే, ఆ కీతో మొదలయ్యే రెండంచెల షార్ట్‌కట్ ఇంకెవరిదో ఉంది. పట్టికలో ఆ కీ పేరుతో వెతికి దాన్ని తొలగించండి.

కారకులెవరో తేలకపోతే ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి ఎడిటర్‌ను తెరిచి చూడండి. అప్పుడు పనిచేస్తే దోషి వాటిలోనే ఉంది. విమ్ అనే పాత ఎడిటర్ పద్ధతిని తెచ్చే ఎక్స్‌టెన్షన్ ఉంటే మొదటి అనుమానం దాని మీదే పెట్టవచ్చు, కంట్రోల్ కీలు చాలావాటిని అది తన కోసం తీసుకుంటుంది. ఏవి తీసుకోవాలో దాని సెట్టింగుల్లో మీరే చెప్పవచ్చు.

## లక్షణం: కొన్ని ఫైళ్లలో పనిచేస్తుంది, కొన్నింటిలో చేయదు

నా కంట్రోల్+ఆల్ట్+జె కథ ఇదే. లాగ్‌లో షరతు ఏదీ కుదరలేదని రాసింది. నియమం తెరిచి చూస్తే, నేనే ఎప్పుడో, ఫైలు భాష "ప్లెయిన్‌టెక్స్ట్" అయితేనే పనిచేయాలని రాసుకున్నాను. ముందు రోజు సాయంత్రం అధ్యాయాలన్నిటినీ మార్క్‌డౌన్ అనే సాదా గుర్తుల ఫార్మాట్‌లోకి మార్చాను. ఫైలు భాష మారింది, షరతు తప్పింది. ఎడిటర్ చెప్పినట్టే నడుచుకుంది. భాష షరతు తీసేసి, కర్సర్ ఎడిటర్‌లో ఉంటే చాలు అనే "ఎడిటర్ టెక్స్ట్ ఫోకస్" షరతు ఒక్కటే ఉంచాను.

ఏ షరతు ఇప్పుడు నిజమో తెలుసుకోవడానికి "ఇన్‌స్పెక్ట్ కాంటెక్స్ట్ కీస్" అనే కమాండ్ ఉంది. దాన్ని నడిపి, కిటికీలో మీకు కావలసిన చోట క్లిక్ చేస్తే, అక్కడ అమలులో ఉన్న విలువలన్నీ డెవలపర్ టూల్స్ కన్సోల్‌లో రాస్తుంది. షరతుల పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది, గుర్తుంచుకోండి.

టెర్మినల్ ప్యానెల్‌లో షార్ట్‌కట్ పనిచేయకపోవడం కూడా ఈ కోవలోనిదే. అక్కడ నొక్కిన కీలు చాలావరకు షెల్‌కు, అంటే టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌కు, పోతాయి. ఏ కమాండ్‌లను షెల్‌కు పంపకుండా ఎడిటర్ తనే నడపాలో చెప్పే జాబితా టెర్మినల్ సెట్టింగుల్లో "కమాండ్స్ టు స్కిప్ షెల్" పేరుతో ఉంది. మీ కమాండ్ పేరును అందులో చేర్చండి.

## లక్షణం: రాసిన నియమాన్ని ఎడిటర్ అసలు పట్టించుకోవడం లేదు

ఇక్కడ ముందుగా చూడాల్సింది కొటేషన్ గుర్తులు. వర్డ్‌లోంచో ఏదైనా పేజీలోంచో నియమాన్ని నకలు తీస్తే, నిటారు గుర్తుల బదులు వంకర గుర్తులు వస్తాయి. కంటికి రెండూ ఒకటే, ఎడిటర్‌కు కాదు. చెరిపేసి చేత్తో కొట్టండి. నియమాల మధ్య కామా మరచిపోయారేమో చూడండి. ఎర్రగీత ఎక్కడ మొదలైందో దాని పై వరుసలోనే తప్పు ఉంటుంది, చాలాసార్లు.

నియమాన్ని కీబైండింగ్స్ ఫైలులో కాకుండా సెట్టింగ్స్ ఫైలులో రాయడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. ప్రాజెక్టు ఫోల్డరులో పెట్టినా లాభం లేదు, ప్రాజెక్టుకో షార్ట్‌కట్ జాబితా అనే సౌకర్యం వీఎస్ కోడ్‌లో లేదు. కమాండ్ ప్యాలెట్ నుంచి "ఓపెన్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ జేసన్" ఎంచుకుంటే సరైన ఫైలే తెరుచుకుంటుంది.

నిన్నటి షార్ట్‌కట్లన్నీ ఈ రోజు మాయమైతే ప్రొఫైల్ మారిందేమో చూడండి, ప్రతి ప్రొఫైల్‌కూ వేరే జాబితా ఉండవచ్చు. ఆఫీసు విండోస్‌లో పెట్టుకున్నవి ఇంట్లో మ్యాక్‌లోకి రాకపోతే అది లోపం కాదు. సెట్టింగ్స్ సింక్ షార్ట్‌కట్లను ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడివిడిగా దాస్తుంది. ఆ ఎంపికను తీసేస్తే అన్నిచోట్లా ఒకటే జాబితా వస్తుంది.

## లక్షణం: లాగ్ అంతా సరిగ్గా ఉంది, తెర మీద మాత్రం ఏమీ కనబడదు

కనబడని అక్షరం వేసే షార్ట్‌కట్‌కు ఇది తప్పని చిక్కు. నియమంలో నేను వాడేది "టైప్" అనే కమాండ్, దానికి ఇచ్చే పాఠం బ్యాక్‌స్లాష్, యు, 200సి. బ్యాక్‌స్లాష్ ఒక్కటే ఉండాలి. రెండు పెడితే అక్షరానికి బదులు ఆ సంఖ్యే వాక్యంలో పడుతుంది. విమ్ ఎక్స్‌టెన్షన్ ఉన్నవారి దగ్గర "టైప్" కమాండ్‌ను ఆ ఎక్స్‌టెన్షన్ తన చేతిలోకి తీసుకుంటుంది. వారు దాని బదులు "ఇన్‌సర్ట్ స్నిపెట్" కమాండ్ వాడుకోవాలి.

అక్షరం పడిందో లేదో ఖాళీ వరుసలో తేలదు. "సాఫ్ట్" అని టైపు చేయండి, షార్ట్‌కట్ నొక్కండి, "వేర్" అని టైపు చేయండి. వకారం ట కిందికి జారకుండా పక్కన నిలబడితే అక్షరం పడినట్టే. ఫైలంతా పరీక్షించాలంటే కంట్రోల్+ఎఫ్ నొక్కి, వెతికే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ బొత్తాన్ని ఆన్ చేసి, అదే బ్యాక్‌స్లాష్, యు, 200సి ఇవ్వండి. ఎన్ని ఉన్నాయో లెక్క పక్కనే వస్తుంది.